సీజరు ముఖము – తెలుగు తూకము

శ్రీనాథుని పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. ప్రౌఢదేవరాయల ముత్యాలశాలలో ఆ కవిసార్వభౌమునకు దీనారములతో అభిషేకము జరిగెనని ఉపాధ్యాయులు ఏటేట పాఠము చెప్పుచునే యుందురు. బంగారు నాణెముల రాశి, దాని నడుమ కవి, చుట్టును విద్వత్సభ. ఇంతవరకు పిల్లల మనస్సులలో చక్కగా హత్తుకొనును. కాని దీనార మను మాట ఏ భాషది, అది ఏ దారిని మన కవి కాలమునకు నడచి వచ్చినది అని తరగతిలో ఒక బాలుడు లేచి అడిగినచో, దానికి సమాధానము విజయనగరములో దొరకదు. ఆ మాట వెంట బోవువారు సముద్రములు దాటి రోము నగరమునకు పోవలసియుండును. అచటినుండి మరల వెనుకకు తిరిగి నల్లగొండ, కరీంనగరు ప్రాంతముల చేలగట్ల మీదికి రావలసియుండును.

రోమనుల భాష లాటిను. ఆ భాషలో డెనారియసు అనగా పదింటికి సమానమైనది అని అర్థము. క్రీ.పూ. 211 ప్రాంతమున రోమను ప్రభుత్వము ఈ వెండి నాణెమును వెలువరించినప్పుడు అది ఆసు అను పది కంచు నాణెములకు మారుచుండెను. తరువాతి కాలమున మారకము పదునారుకు పెరిగినను పేరు మాత్రము మారలేదు. గ్రీకుల నోట అది డెనారియోను అయినది. సంస్కృతమున దీనారమై స్థిరపడినది. అమరసింహుడు నిష్క శబ్దమునకు గల అర్థములలో దీనారమును చేర్చెను. గుప్తుల శాసనములలో అది బంగారు నాణెమునకు పేరు. వెండితో పుట్టిన మాట బంగారమునకు ఎక్కినది.

ఈ మాట తెలుగు నేలపై రాతికి ఎక్కుటయు చాల పూర్వమే జరిగినది. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలమున, ఉజ్జయిని రాచబిడ్డ రుద్రధరభట్టారిక నాగార్జునకొండ మహాచైత్యమునకు ఒక స్తంభమును, దానితో పాటు 170 దీనారి మాషకములను దానము చేసినట్లు అచటి ప్రాకృత శాసనము చెప్పుచున్నది. శ్రీనాథునకు వేయి యేండ్లకు పైగా ముందే కృష్ణాతీరమున దీనారమునకు లెక్క యుండెనన్న మాట. పేరు వచ్చిన దారి ఇది. పేరు కంటె ముందు నాణెమే వచ్చినది. ఆ నాణెముపై ఒక ముఖము వచ్చినది. ఆ ముఖమును మనవారు ఏమి చేసిరన్నదే ఆలోచింపదగిన విషయము.

ముఖము నాణెమున కెక్కిన విధము

రోమనులు మొదట తమ నాణెములపై బ్రతికియున్న మనుష్యుల రూపములను ముద్రింపలేదు. తొలినాటి దీనారముపై ఒక వైపున శిరస్త్రాణము ధరించిన రోమా దేవత తల యుండెను. రెండవ వైపున మన అశ్వినీదేవతలను తలపునకు తెచ్చు కవల దేవతలు కాస్టరు, పోలక్సు గుఱ్ఱములెక్కి పరుగెత్తుచుండిరి. కొంతకాలమునకు టంకసాల పెత్తనమునకు వచ్చిన యువకాధికారులు దేవతల చెంత తమ వంశకర్తల ఘనకార్యములను కూడ చేర్చుట కారంభించిరి. నాణెము మెల్లమెల్లగా ప్రకటనపత్రమగుచు వచ్చెను.

జూలియసు సీజరు క్రీ.పూ. 49లో పోరునకు దిగినప్పుడు, తన సైనికుల జీతములకై ముద్రింపించిన దీనారముపై ఒక ఏనుగు నిలిచియుండెను. దాని కాలిక్రింద పామువంటి రూపము నలుగుచుండెను. దాని క్రింద సీజరు అను ఒక్క మాట. చదువు రానివానికి కూడ ఆ బొమ్మ అర్థమగును. క్రీ.పూ. 44లో అతడు మరియొక అడుగు వేసెను. బ్రతికియుండగనే తన తల నాణెముపై వెలసినది. ప్రజాస్వామ్యమునకు అలవాటు పడిన రోమున అది రాజరికపు పోకడగా తోచినది. ఆ యేటి మార్చి 15వ తేదీన సీజరు హతుడయ్యెను. చిత్రమేమన, అతనిని పొడిచినవారిలో ముఖ్యుడైన బ్రూటసు రెండేండ్లు తిరుగకముందే తన ముఖముతో నాణెము ముద్రించెను. దాని వెనుక వైపున రెండు బాకులు, వాని నడుమ దాస్యవిముక్తిని సూచించు టోపి చెక్కించెను. నాణెముపై ముఖముండరాదని పోరినవాడును ఆ వ్యామోహమును దాటలేకపోయెను.

సీజరు దత్తపుత్రుడు అగస్టసు ఈ విద్యను సంపూర్ణముగా నేర్చినవాడు. ఈజిప్టును జయించినప్పుడు అతని నాణెముపై ఒక మొసలి, దానితో ఈజిప్టు పట్టుబడినది అను రెండు మాటలు కనిపించెను. వార్తాపత్రికలు లేని ఆ దినములలో చక్రవర్తి విజయమును, వంశమును, భక్తిని సామ్రాజ్యపు మూలమూలలకు మోసికొనిపోయిన పత్రిక వెండి నాణెమే. సైనికుని చేతికి జీతముతో పాటు ఏలిక ముఖము కూడ అందుచుండెను.

అక్కనపల్లిలో రాజకుమారులు

నల్లగొండ జిల్లాలోని అక్కనపల్లి యను గ్రామమున ఒక నిక్షేపముగా 1,500కు పైగా రోమను వెండి దీనారములు లభించినవి. తెలుగునాట దొరకిన రోమను వెండి నిధులలో ఇది పేరెన్నికగన్నది. డాక్టరు పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ఆంధ్రప్రదేశమున లభించిన రోమను నాణెములపై ప్రకటించిన గ్రంథమున వీనిని వివరించెను. కరీంనగరు ప్రాంతమున నస్తుల్లాపురము, పెద్దబంకూరు మొదలగు చోట్లను రోమను దీనారములు లభించినవి. వీనిలో కనిపించునవి ముఖ్యముగా అగస్టసు, ఆతని తరువాత క్రీ.శ. 14 నుండి 37 వరకు ఏలిన టైబీరియసు, ఈ ఇరువురి నాణెములే. ఆ యిరువురి నాణెములలోను రెండు బొమ్మలే మాటిమాటికి వచ్చుచుండును.

మొదటిది అగస్టసుది. ఒక వైపున ఆకుల దండ ధరించిన చక్రవర్తి తల. చుట్టును అతడు దేవపుత్రుడనియు దేశపితయనియు లాటిను అక్షరములు. రెండవ వైపున ఇద్దరు యువకులు నిలువుటంగీలతో ఎదురుగా నిలిచియుందురు. వారి నడుమ నేలకు ఆనించిన రెండు డాళ్లు, వాని వెనుక రెండు బల్లెములు. పైన పూజకు వాడు చిన్న గరిటె, పురోహితుల వంకర కఱ్ఱ. ఆ యువకులు గైయసు, లూషియసు అనువారు. వారు అగస్టసు కూతురి కొడుకులు. అతడు వారిని కుమారులుగా దత్తత చేసికొనెను. క్రీ.పూ. 2వ సంవత్సరము నుండి గాలు దేశమున, నేటి ఫ్రాన్సులోని లియాను నగరపు టంకసాలలో, ఈ నాణెములు లెక్కకు మిక్కిలిగా ముద్రింపబడినవి. మీ రాబోవు ఏలికలు వీరే, చూచుకొనుడు అని ఆ బొమ్మ లోకమునకు చాటుచుండెను.

కాని విధి చాటింపును వినలేదు. క్రీ.శ. 2లో లూషియసు, క్రీ.శ. 4లో గైయసు అకాలమరణము నొందిరి. ముదుసలి చక్రవర్తి ఆశ మొదలంటి పోయినది. గత్యంతరము లేక తన భార్య లివియా మొదటి భర్తవలన కనిన టైబీరియసును దత్తత చేసికొని రాజ్యమును అతనికి విడిచెను. అయినను ఆ నాణెములు మాత్రము చేతులు మారుచునే యున్నవి, ఎఱ్ఱసముద్రము దాటినవి, ఋతుపవనముల వెంట పడమటి కోస్తా చేరినవి, అచటినుండి దక్కను పీఠభూమిపైకి ఎక్కినవి. ఎన్నడును సింహాసనమెక్కని ఇద్దరు రాజకుమారులు నల్లగొండ మట్టిలో డాళ్లు పట్టుకొని దాదాపు రెండువేల యేండ్లు నిలిచియుండిరి. ఏ ప్రజలకు వారిని చూపవలెనని తాత తలపోసెనో ఆ ప్రజలు ఎన్నడో మరచిరి. వారి పేరైన వినని రైతుల పొలములు వారిని దాచినవి.

రెండవ బొమ్మ టైబీరియసుది. ముందు అతని తల. వెనుక ఆసనముపై కూర్చున్న ఒక స్త్రీ. ఆమె ఒక చేత రాజదండమును, వేరొక చేత కొమ్మను పట్టియుండును. ఆమె శాంతిదేవతయని కొందరు, చక్రవర్తి తల్లియైన లివియా యని కొందరు చెప్పుదురు. చుట్టును ప్రధానపురోహితుడు అను బిరుదము. క్రైస్తవుల సువార్తలలో, ఈ ముఖమును ఈ వ్రాతయు ఎవరివి అని ఏసుక్రీస్తు ఒక నాణెమును చూపి అడిగిన ఘట్టము కలదు. ఆ నాణెము ఈ రకమైనదే యని పండితులు తరతరములుగా చెప్పుచున్నారు. యెరూషలేములో ధర్మసందేహమునకు కారణమైన బొమ్మయు తెలంగాణపు నేలలో దొరకిన బొమ్మయు ఒక్కటే కావచ్చుననుట విద్యార్థులకు ఆశ్చర్యము గొలుపు విషయము.

ఇన్ని నాణెములు ఇచటికి ఏల వచ్చినవి? మన సరకులకు వెలగా వచ్చినవి. క్రీ.శ. మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎఱ్ఱసముద్ర యాత్రాగ్రంథము మసాలియా తీరమున సన్నని నూలుబట్టలు విరివిగా నేయుదురని చెప్పుచున్నది. అది కృష్ణా ముఖద్వారపు సీమ. నేటి మచిలీపట్టణ ప్రాంతము. మన బట్టలు, మిరియాలు, రత్నములు పోయినవి; వెండి బంగారములు వచ్చినవి. ఇండియా ఏటేట 5 కోట్ల సెస్టర్సులను లాగికొనుచున్నదని ప్లినీ అను రోమను పండితుడు వాపోయెను. నాలుగు సెస్టర్సులు ఒక దీనారము గనుక అది 1 కోటి 25 లక్షల దీనారముల మాట. అందు అతిశయోక్తి యుండవచ్చును గాని బాధ మాత్రము నిజమైనది. క్రీ.శ. 22లో టైబీరియసు చక్రవర్తియే స్త్రీల రత్నాభరణముల కొఱకు మన ధనము పరదేశముల పాలగుచున్నదని తన శాసనసభకు లేఖ వ్రాసినట్లు చరిత్రకారుడైన టాసిటసు తెలిపెను. అట్లు చింతించిన ప్రభువు ముఖమే మన నేలలో రాశులుగా దొరకుట కాలము చేసిన వింత.

ఒరగల్లు మీద చక్రవర్తి

ఇక ఆ ముఖమును మనవారు ఏమి చేసిరి? అక్కనపల్లి నాణెములలో పెక్కింటిపై చిన్న చిన్న గుర్తులు కొట్టబడియున్నవి. అవి రోమున వేసినవి కావు. ఈ దేశమున వేసినవి. దక్షిణాన పుదుక్కోటలో 1898లో బయల్పడిన 501 రోమను బంగారు నాణెములలో అధికభాగమునకు చక్రవర్తి తలమీదుగా ఉలిగాటు పడియున్నది. దేవపుత్రుడనని చెప్పుకొన్న వాని చెక్కిలిపై మన పనివాడు ఇనుపపనిముట్టుతో నిర్దాక్షిణ్యముగా గాటు పెట్టెను.

దీనికి కారణము ద్వేషము కాదు. ఆ దినములలో నాణెమునకు పైన వెండిరేకు తొడిగి లోన రాగిని దాచు మోసగాండ్రు సామ్రాజ్యమంతటను కలరు. గాటు పెట్టినచో లోపలి లోహము బయటపడును. విదేశపు నాణెము ఇక చెల్లుబడి కాదు, తూకపు లోహము మాత్రమే అని తెలుపుటకును ముఖమును చెఱచియుండవచ్చునని కొందరి తలంపు. చిన్న గుర్తుల కథ వేరు. రోమను నాణెములు రాకపూర్వము కొన్ని శతాబ్దులనుండి ఈ దేశమున ముద్రాంకిత నాణెములు చెల్లుచుండెను. అవి వెండిరేకును గురిగింజల యెత్తుతో తూచి ముక్కలుగా కత్తిరించి, సూర్యుడు, చెట్టు, కొండ, ఏనుగు మొదలగు ముద్రలను కొట్టినవి. చేతులు మారినకొలది సరాపులు వానిని పరీక్షించి తమ చిన్నగుర్తును వేయుచుండిరి. నేను చూచితిని, ఇది మంచి వెండి అని ఆ గుర్తునకు అర్థము. రోమునుండి వచ్చిన దీనారమునకును వారు ఆ మర్యాదయే చేసిరి. చక్రవర్తి మాట చాలదు. సరాపు మాట కావలెను. ఓరుగల్లు సీమలో మాటలతో ఆడుకొను అలవాటు గలవారు ఇట్లు చెప్పవచ్చును: సీజరుకు పట్టాభిషేకము రోములో జరిగినను పరీక్ష మాత్రము తెలుగువారి ఒరగల్లు మీద జరిగినది.

ఆ పరీక్షలో అగస్టసు, టైబీరియసుల దీనారములు నెగ్గినవి. ఒక్కొక్కటి 3.9 గ్రాములకు దగ్గరగా, అనగా మన తులములో ఇంచుమించు మూడవవంతు తూగును, వెండి మేలైనది. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దీనారపు తూకమును తగ్గించి వన్నెను కూడ తగ్గించెను. మన దేశపు వెండి నిధులలో నీరో తరువాతి దీనారములు అరుదగుట గమనింపదగినది. వర్తకులు పాత నాణెమునే కోరిరి. కొత్త చక్రవర్తి ముఖము ఎంత సుందరముగా చెక్కబడినను, తక్కువ తూగిన నాణెమును మన అంగడి ఆదరింపలేదు.

ప్లినీ చెప్పిన ఒక చిన్న కథ ఇచట స్మరణీయము. క్లాడియసు చక్రవర్తి కాలమున రోమను సుంకపు గుత్తదారుని పరిచారకుడొకడు గాలివానకు కొట్టుకొనిపోయి సింహళము చేరెను. అతని యొద్దనున్న దీనారములను చూచి సింహళరాజు విస్మితుడయ్యెనట. బొమ్మలను బట్టి చూడగా ఆ నాణెములు వేర్వేరు ప్రభువులు ముద్రించినవి. కాని తూకము మాత్రము అన్నింటిది ఒక్కటే. ఈ సత్యసంధతకు మెచ్చియే ఆ రాజు రోమునకు రాయబారులను పంపెనని ప్లినీ వ్రాసెను. ముఖములు మారినను తూకము మారకుండుటయే ఒక ప్రభుత్వమునకు పరదేశమున దొరకు నిజమైన కీర్తి.

ఈ నీతిని ఓరుగల్లు ప్రభువులును ఎరుగుదురు. క్రీ.శ. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వమును పూర్వపు రాజులు బలాత్కారముగా తీసికొనుచుండిరి. తాము నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని గణపతిదేవుడు రాతిపై మాట యిచ్చెను. తూకము తప్పని నాణెమునకును మాట తప్పని శాసనమునకును ఫలము ఒక్కటే. దూరపు ఓడ ధైర్యముగా రేవునకు వచ్చును.

మనవారి ముఖములు

అయినను మనవారు ఆ బొమ్మలను తూకమునకే వదలివేయలేదు. కొండాపురపు త్రవ్వకములలో, నేటి సంగారెడ్డి జిల్లాలో, రోమను నాణెముల పోలికతో చేసిన మట్టిబిళ్ళలు దొరకినవి. వెండి బంగారములు కొనలేనివారు సీజరు ముఖమును మట్టిలో అచ్చొత్తి మెడలో వ్రేలాడ గట్టుకొనిరని ఊహింపవచ్చును. పాలకుని ప్రకటనము ఇచట పడతుల పతకమైనది. కాసులపేరు నేటికిని తెలుగిండ్ల పెండ్లిళ్ళలో మెఱయుచునే యున్నది. నాణెమును ఆభరణముగా మలచుకొను వేడుక మనకు క్రొత్తది కాదు.

రాజముఖమును నాణెముపై వేయు పద్ధతి శాతవాహనులకు మరియొక దారిని వచ్చినది. వాయవ్య భారతమున గ్రీకు రాజులు తమ తలలతో వెండి నాణెములను చాలకాలముగా ముద్రించుచుండిరి. ఆ పోకడను పశ్చిమ క్షత్రపులు గైకొనిరి. క్షత్రపుడైన నహపానుని నాణెముపై అతని ముఖమును, గ్రీకు, బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపులలో వ్రాతలును కలవు. గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుని జయించినప్పుడు ఏమి చేసెనో నాసికు దగ్గర జోగల్‌తెంబిలో 1906లో దొరకిన నిధి చెప్పుచున్నది. అందు 13,000కు పైగా నహపానుని వెండి నాణెములు కలవు. వానిలో 9,000కు పైబడినవానిపై గౌతమీపుత్రుడు తన ముద్రను తిరిగి కొట్టించెను. పాత రాజు చెక్కిలి మీద క్రొత్త రాజు కొండగుర్తు. దాని అంచున నహపానుని ముక్కో కన్నో ఇంకను తొంగిచూచుచునే యుండును. ఒక యుద్ధము ముగిసినదని చెప్పుటకు అంతకంటె స్పష్టమైన బొమ్మ మరియొకటి లేదు.

ఇచట ముఖమును కొట్టినది సరాపు కాదు, రాజు. సరాపు వెండిని పరీక్షించెను. రాజు పేరును చెరిపెను. ఆ పిమ్మట శాతవాహనులు తామే ముఖమును ధరించిరి. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పుళుమావి, వాసిష్ఠీపుత్ర శాతకర్ణి, యజ్ఞశాతకర్ణి మొదలగువారు తమ తలతో వెండి నాణెములను వెలువరించిరి. అవి సీసము, రాగి నాణెములవలె విరివిగా దొరకునవి కావు. రెండు గ్రాముల తూకపు ఆ చిన్నబిళ్ళపై రాజు కుడివైపునకు తిరిగియుండును. రెండవ వైపున కొండ, దాని సరసను నాలుగు కొనల నాలుగు గోళములతో నున్న ఉజ్జయినీ చిహ్నము. ముఖము పరదేశపు పద్ధతి. కొండ మన పద్ధతి. రెండును ఒక్క బిళ్ళకు రెండు వైపులైనవి.

రెండు వైపుల రెండు భాషలు

తెలుగు ఉపాధ్యాయునకు ఇచట అసలైన నిధి కలదు. పుళుమావి నాణెముపై తల చుట్టును ప్రాకృత భాషలో “రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస” అని యున్నది. వాసిష్ఠీపుత్రుడైన శ్రీ పుళుమావి రాజుయొక్క అని దాని అర్థము. నాణెమును త్రిప్పినచో రెండవ వైపున అదే అర్థము మరియొక భాషలో వ్రాయబడియున్నది. దానిని పండితులు “అరహణకు వాహిట్టి మాకణకు తిరు పుళుమావికు” అని చదివిరి. చివరి అక్షరములను వేరుగా చదివినవారును కలరు. కాని రాజునకు అరహణ, పుత్రునకు మాకణ, శ్రీకి తిరు అని యుండుటచే ఆ భాష ద్రావిడమని సామాన్యముగా అంగీకరింపబడినది.

అది తమిళమని కొందరు, దక్కనులో నాడు వాడుకలోనున్న దేశభాషయని కొందరు వాదించిరి. మాకణ అను పదము తమిళపు మకన్ అను పదమునకు చుట్టము. మన మగ, మగడు అను మాటలును ఆ కుదురువే. “కు” అను ప్రత్యయమును ఒప్పుకొన్నచో, దానిని షష్ఠ్యర్థమున వాడుట తెలుగువారికి వింతగా తోచదు. దశరథునకు కుమారుడు, రాజునకు తమ్ముడు అని మనము నేటికిని చెప్పుచున్నాము గదా! అట్లని ఇది తెలుగే యని తొందరపడి జెండా యెత్తుట పండితలక్షణము కాదు. నాలుగు మాటల వ్రాతతో ఒక భాషకు పుట్టినతేదీ వ్రాయరాదు. కాని ఒక్క సంగతి మాత్రము నిశ్చయము. ప్రాకృతము రాజభాషయై వెలుగుచున్న ఆ కాలమున, ప్రజలు ఇంట మాటలాడు ద్రావిడ భాషకు కూడ నాణెమున సగము చోటు ఇచ్చిన రాజులు దక్కనులో ఉండిరి. రోమను చక్రవర్తి తన బొమ్మను పంపెను గాని, తన నాణెము చేరు దేశముల భాషను దానిపై వ్రాయింపలేదు. శాతవాహనుడు ముఖమును ఎరువు తెచ్చుకొనెను గాని, దాని వెనుక తన ప్రజల పలుకును నిలిపెను.

కరగిపోవు పుటలు

ఈ సంగతులన్నియు మనకు తెలియుటకు కారణము కొన్ని నాణెములు కొలిమిని తప్పించుకొనుటయే. ఓరుగల్లునుండి ఉత్తరముగా గోదావరి దిక్కునకు పోవునప్పుడు పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల మొదలగు పురాతన స్థలములు వరుసగా కలవు. 1960వ దశకపు చివరినుండి కొన్నేండ్లపాటు పురావస్తు శాఖవారు, ముఖ్యముగా డాక్టరు వి. వి. కృష్ణశాస్త్రి, అచట త్రవ్వకములు జరిపి శాతవాహన నాణెములను బయల్పరచిరి. పెద్దవాగు గోదావరిలో కలియు చోటనున్న కోటిలింగాలలో లభించిన నాణెములపై శాతవాహన వంశకర్త సిముకుని పేరును, అతనికి పూర్వపు గోబద, నారన మొదలగువారి పేర్లును చదువగలిగిరి. పుస్తకములలో ఎచటను లేని రాజులు ఆ చిన్న బిళ్ళలవలన చరిత్రలోనికి వచ్చిరి.

కాని పురావస్తు శాఖవారి పార కంటె రైతు నాగలి ముందు నడచును. దుక్కిలో కుండ పగులును. నల్లబడిన బిళ్ళలు బయటపడును. భయము చేతనో ఆశ చేతనో అవి రాత్రికి రాత్రి కంసాలి మూసలోనికి పోవును. వెండి ఎచటికిని పోదు, కడియమో మెట్టెయో అగును. పోవునది దానిపై నున్న బొమ్మ, అక్షరము. ఏ నాణెము ఏ కుండలో, వేటితో కలసి, ఎంత లోతున దొరకినదన్న వివరము కూడ పోవును. ఈ వివరము లేనిచో మిగిలిన నాణెమును సగము మూగదే.

ఇందుకై 1878లో చేయబడిన నిధుల చట్టము ఒకటి కలదు. దాని ప్రకారము, 10 రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరకినచో కనుగొన్నవాడు కలెక్టరునకు తెలుపవలెను. నిధికి పూర్వపు హక్కుదారు ఎవడును తేలనిచో, కనుగొన్నవానికి అందు భాగము కలదు. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు వెలకు అయిదవవంతు చేర్చి ఇయ్యవలెనని కూడ చట్టము చెప్పినది. దాచినవానికి శిక్ష కలదన్న మాట పల్లెలలో అందరు ఎరుగుదురు. తెలిపినవానికి వెల కలదన్న మాట ఎరిగినవారు తక్కువ. ఈ రెండవ మాటను ఊరికి చెప్పగలవాడు ఊరి బడిపంతులే. ఆతని యెదుట కూర్చున్న పిల్లలలోనే రేపటి నాగలి పట్టువాడును, మూస పట్టువాడును, కలెక్టరు కచేరీలో కాగితము పట్టువాడును కలడు.

దీనికి పెద్ద పరికరములు అక్కరలేదు. రూపాయి యను మాట రూప్యము నుండి వచ్చినదనియు, రూపము కొట్టబడినదే రూప్యమని పాణిని చెప్పెననియు ఉపాధ్యాయుడు పాఠములో ఒక్కసారి చెప్పినచో చాలును. విద్యార్థి తన జేబులోని నాణెమును తీసి రెండు వైపుల చూచును. ఏ బొమ్మ కలదు, ఏ లిపులు కలవు, అది ఎవరికి ఏమి చెప్పుచున్నది అని ఆలోచించును. చూచుట నేర్చిన ఆ కన్నులకు రేపు ఏ చేనిగట్టుననో నల్లని బిళ్ళయొకటి కనబడినప్పుడు అది వెండిముక్కగా మాత్రమే కనిపింపదు. దానిని నీళ్ళతోనో చింతపండుతోనో తోమక, దొరకిన చోటును గుర్తుంచుకొని, పెద్దలకు తెలుపును. గైయసు, లూషియసులు నల్లగొండ మట్టినుండి లేచి తమ తాత దుఃఖమును మనకు చెప్పగలిగినది అట్టివారి వలననే. పుళుమావి నాణెపు వెనుక వైపున నున్న ఆ నాలుగు మాటలకు తోడుగా అయిదవ మాట ఎచటనో ఇంకను భూమిలో నుండవచ్చును. అది మూసకు చేరునో మ్యూజియమునకు చేరునో తేల్చునది దానిని మొదట చూచిన చేయి.